బ్యాగులో ఇంజెక్షన్ ఉంటే సరిపోదు

జూన్ వస్తోందంటే పిల్లలున్న ఇళ్లలో హడావుడి మామూలే. ఫీజులు, యూనిఫాం, బూట్లు, పుస్తకాలకి అట్టలు, బస్సు రూటు. మా అక్క లిస్టులో మాత్రం ఇంకో ఐటమ్ ఉంటుంది. బడి తెరిచే ముందే వెళ్లి క్లాస్ టీచర్‌తో, ఆయమ్మతో, బస్సు అటెండర్‌తో విడివిడిగా మాట్లాడి రావాలి. కారణం మా మేనల్లుడు. ఆరేళ్లు. ఇంట్లో చిన్నూ అంటాం. వాడికి పల్లీలు పడవు.

ఈ 'పడదు' అన్న మాట దగ్గరే అసలు సమస్య మొదలవుతుంది. మన భాషలో అది చాలా పెద్ద గొడుగు. ఐస్‌క్రీం తింటే జలుబు చేసినా పడదు అంటాం. శనగపప్పు తింటే గ్యాస్ వచ్చినా, పాలు తాగితే కడుపు ఉబ్బరించినా, వంకాయ తింటే దురద పుట్టినా అదే మాట. చివరికి అత్తాకోడళ్లకి కూడా పడదు! అందుకే అక్క మొదటిసారి వెళ్లి "మా బాబుకి పల్లీలు పడవండీ" అని చెబితే, టీచర్ చాలా మర్యాదగా "అలాగేనమ్మా, పెట్టకుండా చూస్తాం" అన్నారు. ఆవిడ విన్నది ఒకటి, అక్క చెప్పింది ఇంకొకటి. పాలు అరగకపోవడం ఇబ్బంది, అంతే. చిన్నూకున్నది ప్రాణం మీదకి వచ్చే అలర్జీ. రెంటికీ మనం ఒకే మాట వాడుతున్నాం.

దాని పేరు అనాఫిలాక్సిస్. ఈ మాటకి నూరేళ్లు పైబడ్డాయి. 1902లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు షార్ల్ రిషే, పాల్ పోర్టియే సముద్రజీవుల విషాన్ని కుక్కలకి కొద్దికొద్దిగా ఇచ్చి, వాటికి రక్షణ వస్తుందేమోనని చూశారు. రెండోసారి చాలా తక్కువ మోతాదు ఇచ్చినా కొన్ని కుక్కలు నిమిషాల్లో చచ్చిపోయాయి. రక్షణకి ఉల్టాగా జరిగింది కాబట్టి ఆ అర్థం వచ్చేలా గ్రీకు మాటలతో పేరు పెట్టారు. ఈ పనికే రిషేకి 1913లో నోబెల్ వచ్చింది.

జరిగేది ఏమిటంటే, ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ ఏ పాపం ఎరగని పల్లీ ప్రోటీన్‌ని శత్రువు అనుకుంటుంది. మళ్లీ అది కనబడగానే హిస్టమిన్ లాంటి రసాయనాలు ఒక్కసారిగా బయటికి దూకుతాయి. చర్మం మీద దద్దుర్లు, పెదాలు వాపు, గొంతు బిగుసుకోవడం, ఆయాసం, వాంతులు, బీపీ పడిపోవడం. ఇవన్నీ ఒకేసారి రావాలని లేదు. దద్దుర్లు లేకుండా కూడా రావచ్చు. మా టీం భాషలో చెప్పాలంటే, ఒక తప్పుడు అలారానికి సిస్టమ్ మొత్తం తనని తనే షట్‌డౌన్ చేసుకోవడం.

దీనికి మొదటి మందు ఒక్కటే. అడ్రినలిన్, తొడ బయటివైపు కండరంలోకి. అదీ ఆలస్యం లేకుండా. ఇది గుర్తుపెట్టుకోండి, మిగతా వ్యాసమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇరవై ఆరు నిమిషాలు

మా ఆఫీసులో సర్వర్ ఏదైనా పడిపోతే, లేచిన తర్వాత అందరం కూర్చుని 'పోస్ట్‌మార్టం' అని ఒక డాక్యుమెంట్ రాస్తాం. పేరు భయంకరంగా ఉన్నా పద్ధతి మంచిది. ఎవరినీ తిట్టకూడదు. ఏ నిమిషానికి ఏం జరిగింది, ఎక్కడ ఆగింది, మళ్లీ ఆగకుండా ఏం చేయాలి. అంతే. కిందటి సంక్రాంతికి ముందు చిన్నూ బళ్లో జరిగింది అలాగే రాస్తాను. బడి పేరు అనవసరం. ఇది ఏ బళ్లోనైనా జరిగేదే.

ఆ రోజు సంక్రాంతి సంబరాలు. ముగ్గులు, గంగిరెద్దు వేషాలు, బొమ్మల కొలువు. పిల్లలంతా కింద గ్రౌండ్‌లో ఉన్నారు. ఎవరో తల్లి ప్రేమగా ఇంట్లో చేసిన నువ్వులుండలు డబ్బా నిండా తెచ్చారు. నువ్వులుండల్లో పల్లీపొడి కూడా కలిపారు. చాలా ఇళ్లల్లో కలుపుతారు. డబ్బా మీద లేబుల్ ఉండదు కదా.

11:20. అలర్జీ సంగతి తెలిసిన క్లాస్ టీచర్ స్టేజీ మీద యాంకరింగ్ చేస్తున్నారు. పక్క సెక్షన్ టీచర్ ఉండలు పంచారు. చిన్నూ సగం తిన్నాడు.

11:25. "టీచర్, నా నాలుక కుచ్చుకుంటోంది" అన్నాడు. నీళ్లు తాగమన్నారు.

11:32. మెడ మీద దద్దుర్లు, ఆగని పొడిదగ్గు. ఆయమ్మ గమనించి ఎత్తుకుని సిక్‌రూంకి తీసుకెళ్లింది. అక్కడ అలర్జీ సిరప్ పట్టారు.

11:38. అక్కకి ఫోన్. "బాబుకి ఒంట్లో బాగోలేదు, వచ్చి తీసుకెళ్తారా?" అక్క ఆఫీసు నుంచి బడికి ముప్పావు గంట. "బ్యాగులో ఎర్ర పౌచ్ ఉంది, అందులో ఇంజెక్షన్ ఉంది, ముందు అది వేయండి" అని అరిచింది.

11:40. బ్యాగు రెండో అంతస్తులో, తరగతి గదిలో. అందరూ కిందికి వచ్చారు కాబట్టి గదికి తాళం. తాళంచెవి అటెండర్ దగ్గర. అటెండర్ సౌండ్ సిస్టమ్ దగ్గర.

11:47. పౌచ్ వచ్చింది. సిక్‌రూంలో నలుగురు ఉన్నారు. "మేడం, మేము వేయొచ్చా? ఏమైనా అయితే?" ఇది స్పీకర్ ఫోన్‌లో అక్కకి వినబడుతోంది.

11:51. పీఈటీ సార్ లోపలికి వచ్చి, పెన్ను మీదున్న బొమ్మలు చూసి, నిక్కరు మీద నుంచే తొడకి వేసేశారు. 108 వచ్చింది. ఆస్పత్రిలో ఒక రాత్రి ఉంచి పంపించారు. వాడు బాగున్నాడు.

మొదటి లక్షణం నుంచి మందు పడేదాకా ఇరవై ఆరు నిమిషాలు. ఆ రాత్రి నేను ఆస్పత్రి వరండాలో కూర్చుని చదివిన వాటిల్లో ఒకటి చెబుతాను. అనాఫిలాక్సిస్‌తో చనిపోయినవాళ్ల మీద బ్రిటన్‌లో జరిపిన ఒక అధ్యయనం 2000లో వచ్చింది. తిండి వల్ల వచ్చిన కేసుల్లో, గుండెగానీ ఊపిరిగానీ ఆగిపోవడానికి పట్టిన మధ్యస్థ సమయం 30 నిమిషాలు. అంటే సగంమందికి అంతకంటే ముందే. తేనెటీగ, కందిరీగ కుడితే ఇంకా తక్కువ, 15 నిమిషాలు.

ఇప్పుడు పైన టైంలైన్ మళ్లీ చూడండి. అందులో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. టీచర్ మంచివారు. ఆయమ్మ చురుకైనది. మందు ఉంది. సమాచారం కూడా ఇచ్చాం. కానీ సమాచారం ఒక్క మనిషి దగ్గర ఆగిపోయింది, మందు ఒక్క గదిలో ఆగిపోయింది, ధైర్యం ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయింది. ఒక్కచోట తెగితే మొత్తం పడిపోయే ఏర్పాటుని మేం 'సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్' అంటాం. ఇక్కడ మూడు ఉన్నాయి.

లాకర్లో ఉండిపోయిన మందు

ఇది మన దగ్గరే అనుకోకండి. కెనడాలోని ఒంటారియోలో 2003లో సబ్రినా షానన్ అనే పదమూడేళ్ల అమ్మాయి బడి క్యాంటీన్‌లో ఫ్రెంచ్ ఫ్రైస్ కొనుక్కుంది. ఆమెకి పాల ఉత్పత్తులు, పల్లీలు, సోయా పడవు. చీజు పదార్థం వడ్డించిన పట్టకారుతోనే ఫ్రైస్ కూడా తీసి ఉంటారని తర్వాత అనుకున్నారు. ఆమె మందు లాకర్లో ఉంది. అది తెచ్చేసరికి ఆలస్యమైంది. ఆ అమ్మాయి బతకలేదు. తల్లి పోరాడితే అక్కడ 'సబ్రినా చట్టం' వచ్చింది. 2006 జనవరి 1 నుంచి ఒంటారియోలో ప్రతి బడికీ అనాఫిలాక్సిస్ విధానం, సిబ్బందికి శిక్షణ, అలర్జీ ఉన్న ప్రతి పిల్లకీ విడిగా ఒక ప్లాన్ ఉండాల్సిందే.

బ్రిటన్‌లో 2017 అక్టోబరు నుంచి బళ్లు ప్రిస్క్రిప్షన్ లేకుండానే స్పేర్ అడ్రినలిన్ పెన్నులు కొనిపెట్టుకోవచ్చు. అమెరికాలో 2013లో వచ్చిన కేంద్ర చట్టం, బళ్లలో ఎవరి పేరు మీదా కాకుండా ఉమ్మడిగా అడ్రినలిన్ ఉంచే రాష్ట్రాలకి ప్రోత్సాహం ఇచ్చింది. ఈ ఉమ్మడి మందు ఎందుకంటే, అక్కడి బళ్లలో అడ్రినలిన్ వేయాల్సి వచ్చిన వాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి తమకి అలర్జీ ఉందన్న సంగతి అప్పటిదాకా తెలియనే తెలియదు. మొదటి రియాక్షనే బళ్లో వచ్చింది.

డల్లాస్‌లో ఉండే నా పాత టీంమేట్ ఒకతను చెప్పాడు. వాళ్ల పాపకి జీడిపప్పు అలర్జీ. స్కూల్లో చేర్చేటప్పుడే డాక్టర్ సంతకంతో ఒక పేజీ యాక్షన్ ప్లాన్ అడిగారట. నర్సు కూర్చోబెట్టి అరగంట మాట్లాడిందట. '504 ప్లాన్' అని ఇంకో కాగితం కూడా ఉంటుంది, అలర్జీ వల్ల పాపని పిక్నిక్‌కో పార్టీకో దూరం పెట్టకుండా. "ఇండియా వస్తే మాత్రం భయం భయంగా ఉంటుందిరా, ప్రతి స్వీట్లోనూ జీడిపప్పే" అన్నాడు. నవ్వొచ్చింది కానీ నిజమే.

మన దగ్గర పరిస్థితి

తిండి అలర్జీలు పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దగ్గర తక్కువ. అది శుభవార్తే. కానీ తక్కువ కాబట్టే బళ్లకి అనుభవం లేదు, సిబ్బందికి అనుమానం రాదు.

రెండోది మందు. పెన్నులా ఉండే ఆటో ఇంజెక్టర్లు మన మందుల షాపుల్లో అడగ్గానే దొరకవు. డాక్టర్ చీటీతో బయటి నుంచి తెప్పించుకోవాలి. ఖర్చు వేలల్లో ఉంటుంది. ఏడాది, ఏడాదిన్నరకి ఎక్స్‌పైరీ అయిపోతుంది. మళ్లీ కొనాలి. అదే అడ్రినలిన్ చిన్న గాజు ఆంప్యూల్‌లో చాలా చవక. ప్రతి ఆస్పత్రిలో, చివరికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూడా ఉంటుంది. పెన్ను కొనలేని కుటుంబాలకి కొందరు అలర్జీ డాక్టర్లు ఆంప్యూల్, సిరంజి ఇచ్చి, ఎంత గీత వరకు లాగాలో గుర్తుపెట్టి నేర్పిస్తారు. మోతాదు పిల్లవాడి బరువుని బట్టి డాక్టర్ నిర్ణయించాలి. సొంత లెక్కలు వద్దు.

మూడోది ఎండ. అడ్రినలిన్‌ని 25 డిగ్రీల దరిదాపుల్లో, వెలుతురు తగలకుండా ఉంచాలి. మన ఏప్రిల్‌లో పార్క్ చేసిన స్కూలు బస్సులో ఎంత ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అలాగని ఫ్రిజ్‌లోనూ పెట్టకూడదు. చల్లటి గదిలో, తాళం లేని అల్మారాలో, పిల్లలకి అందని ఎత్తులో, పెద్దవాళ్లందరికీ తెలిసిన చోట. ఇదీ దాని జాగా. పెన్నుకి ఒక చిన్న కిటికీలాంటిది ఉంటుంది, అందులో మందు రంగు మారినా, మడ్డిగా కనబడినా మార్చేయాలి.

నాలుగోది లేబుల్. ప్యాకెట్ల మీద అలర్జీ కారకాలు రాయాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ఉంది. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలూ పీతలూ, పాలు, గుడ్డు, చేప, పల్లీలు, జీడిపప్పు బాదం లాంటి నట్స్, సోయా, సల్ఫైట్లు ఆ జాబితాలో ఉన్నాయి. నువ్వులు లేవు. అమెరికా 2023 నుంచి నువ్వుల్ని కూడా తప్పనిసరి జాబితాలో చేర్చింది. నువ్వుల అలర్జీ ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఇక్కడ పదార్థాల లిస్టు మొత్తం చదవాల్సిందే. ఇక ఇంట్లో చేసినవాటికి, స్వీటు షాపులో తూకం వేసి ఇచ్చేవాటికి చదవడానికి లేబులే లేదు.

పైగా పల్లీ మన వంటలో ఎక్కడెక్కడ దాక్కుంటుందో! పులిహోరలో కనబడుతుంది కాబట్టి గొడవ లేదు. గుత్తివంకాయ కారంలో, మిర్చి కా సాలన్‌లో, ఇడ్లీ చట్నీలో, హోటల్ గ్రేవీలో కనబడదు. నూనె సంగతి ఇంకోటి. బాగా రిఫైన్ చేసిన పల్లీ నూనెలో ప్రోటీన్ దాదాపు ఉండదు. ఇప్పుడు అందరూ ఆరోగ్యం అంటూ కొంటున్న గానుగ నూనెలో ఉంటుంది. "మేం మంచి నూనే వాడతామండీ" అన్న మాట చిన్నూ విషయంలో మాకు ఇంకో ప్రశ్న పుట్టిస్తుంది.

బడి ఏం చేయగలదు

ఆ సంఘటన తర్వాత అక్క, బావ వెళ్లి ప్రిన్సిపాల్‌ గారితో కూర్చున్నారు. గొడవ పెట్టుకోలేదు. ఒక కాగితం తీసుకెళ్లారు. ఆ కాగితం తయారుచేయడంలో నా చెయ్యి కూడా ఉంది, ఎందుకంటే మా ఉద్యోగంలో 'రన్‌బుక్' అని రాస్తాం. అర్ధరాత్రి నిద్రలోంచి లేచినవాడు కూడా ఆలోచించకుండా చేయగలిగేలా, వరసగా. బడికి కావలసింది కూడా అదే. డాక్టర్ గారు చూసి, దిద్ది, సంతకం పెట్టిన తర్వాతే ఇచ్చాం.

ఒకటి, ఒక్క పేజీ. పిల్లవాడి ఫోటో, ఏది పడదు, లక్షణాలు ఏమిటి, ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి. తెలుగులో, పెద్ద అక్షరాల్లో. ఆయమ్మ చదవగలగాలి, బస్సు డ్రైవర్ చదవగలగాలి. పిల్లలు లక్షణాల్ని మనలా చెప్పరు. "నాలుక మండుతోంది", "గొంతులో ఏదో ఇరుక్కుంది", "నోట్లో చీమలు పాకుతున్నాయి" అంటారు. కొందరు ఏమీ అనకుండా నాలుకని గోకుతారు, గొంతు సవరించుకుంటూ ఉంటారు. ఆ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద రాశాం.

రెండు, ఎప్పుడు వేయాలి. ఇక్కడ గందరగోళం ఉండకూడదు. పడని వస్తువు తిన్నాక శ్వాస ఇబ్బంది, ఆగని దగ్గు, గొంతు బొంగురు, నాలుక వాపు, కళ్లు తిరగడం, ఒళ్లు వాలిపోవడం, ఇవేవి కనబడినా అడ్రినలిన్. దద్దుర్లతోపాటు వాంతులు వచ్చినా అంతే. సందేహం ఉంటే వేయడమే మేలని డాక్టర్లు చెబుతారు. పిల్లవాడికి సరిపడే మోతాదులో అవసరం లేకపోయినా వేస్తే కాసేపు గుండె దడ, వణుకు ఉంటాయి. అవసరమైనప్పుడు వేయకపోతే జరిగేది వేరు. అలర్జీ సిరప్ దురద తగ్గిస్తుంది, గొంతు వాపుని ఆపదు. అది పట్టి "చూద్దాం" అని కూర్చోకూడదు. ఆస్తమా ఇన్‌హేలర్ కూడా దీనికి ప్రత్యామ్నాయం కాదు.

మూడు, వేశాక ఏం చేయాలి. 108కి ఫోన్ చేసి 'అనాఫిలాక్సిస్' అన్న మాటే చెప్పాలి. పిల్లవాడిని పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తులో పెట్టాలి. ఆయాసంగా ఉంటే కూర్చోనివ్వాలి. వాంతి వస్తుంటే పక్కకి తిప్పాలి. నడిపించి గేటు దాకా తీసుకెళ్లడం, హఠాత్తుగా లేపి నిలబెట్టడం చేయకూడదు, బీపీ పడిపోతుంది. ఐదు నిమిషాల్లో తేడా కనబడకపోతే రెండో డోసు. అందుకే రెండు పెన్నులు కావాలి. తగ్గిపోయినట్టు కనబడినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే, కొన్ని గంటల తర్వాత రియాక్షన్ మళ్లీ తిరగబెట్టవచ్చు. తల్లిదండ్రులకి ఫోన్ ఈ వరసలో ఆఖరిది. మందు పడ్డాకే అక్కకి ఫోన్ చేయాలి.

నాలుగు, ఎవరు వేయాలి. కనీసం ముగ్గురు నేర్చుకోవాలి. ఒకరు సెలవులో ఉంటారు, ఒకరు స్టేజీ మీద ఉంటారు, ఒకరు దొరుకుతారు. మందు లేని ట్రైనర్ పెన్నులు ఉంటాయి, వాటితో ప్రాక్టీసు చేయించొచ్చు. "మేము వేయొచ్చా?" అన్న ప్రశ్నకి సమాధానం ముందే కాగితం మీద ఉండాలి. అక్క, బావ సంతకం పెట్టి రాతపూర్వక అనుమతి ఇచ్చారు, డాక్టర్ చీటీ జతచేశారు. టీచర్లని భయస్తులని అనడం అన్యాయం. వాళ్ల వెనక ఎవరూ నిలబడకపోతే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది.

ఐదు, మాక్ డ్రిల్. మంటలొస్తే ఎలా బయటికి రావాలో బళ్లలో చేయిస్తారు కదా, అలాగే ఇది కూడా. ఎవరూ ఊహించని రోజు, పిల్లలు గ్రౌండ్‌లో ఉన్నప్పుడు. చిన్నూ బళ్లో మొదటి డ్రిల్‌కి పెన్ను చేతికి రావడానికి ఆరు నిమిషాలు పట్టింది. రెండోసారి రెండు నిమిషాల్లోపే. ఆ తేడా ఎవరి తెలివీ కాదు. పౌచ్ తాళంగదిలోంచి సిక్‌రూం గోడకి మారింది, అంతే. పిక్నిక్‌కి వెళ్లినా, వేరే బడికి పోటీలకి వెళ్లినా పౌచ్ వాడితోనే వెళ్తుంది.

ఆరు, చేతులు. శానిటైజర్ సూక్ష్మజీవుల్ని చంపుతుంది కానీ పల్లీ ప్రోటీన్‌ని తీసేయదు. సబ్బూ నీళ్లూ, లేదా తడి వైప్స్ కావాలి. తిన్నాక పిల్లలంతా సబ్బుతో చెయ్యి కడగడం, బెంచీలు తడిగుడ్డతో తుడవడం. ఇది అలర్జీ లేని పిల్లలకి కూడా మంచిదే. క్రాఫ్టు పీరియడ్ కూడా మరిచిపోవద్దు. గుడ్డు పెంకులు, పల్లీ తొక్కలు, గోధుమ పిండితో చేసిన మట్టిముద్దలు కూడా ఎవరో ఒకరికి పడవు.

పల్లీలు నిషేధించాలా?

ఈ ప్రశ్న పేరెంట్స్ మీటింగ్‌లో తప్పకుండా వస్తుంది. చిన్నూ బళ్లోనూ వచ్చింది. "ఒక్క పిల్లవాడి కోసం మా అబ్బాయి చట్నీ మానేయాలా?" అని ఒకాయన అడిగారు. కోపం తెచ్చుకోనక్కర్లేని ప్రశ్న అది. పల్లీ మన ప్రాంతంలో పేదవాడి ప్రోటీన్. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బళ్లలో మధ్యాహ్న భోజనంతో గుడ్డు, పల్లీ చిక్కీ ఇస్తున్నది అందుకే. దాన్ని తీసేయమనడం న్యాయం కాదు.

వివిధ దేశాల నిపుణులు కలిసి 2021లో ఇచ్చిన సిఫార్సులు కూడా ఇంచుమించు ఇదే చెప్పాయి. బడి మొత్తానికి ఒక ఆహారాన్ని నిషేధించడం వల్ల మేలు జరుగుతుందనడానికి గట్టి ఆధారాలు లేవు. సిబ్బందికి శిక్షణ, రాతపూర్వక ప్లాన్, ఉమ్మడి అడ్రినలిన్, వీటి మీద పెట్టే శ్రమ మేలు. నిషేధం బోర్డు పెట్టాక అందరూ నిశ్చింతగా ఉంటారు, ఆ నిశ్చింతే ప్రమాదం. మామూలుగా పక్క బెంచీలో పల్లీ వాసన వస్తే అనాఫిలాక్సిస్ రాదు, తింటేనే పెద్ద ప్రమాదం. కాబట్టి మేం అడిగింది చిన్నది. డబ్బాల్లోది పంచుకోవద్దు. పుట్టినరోజుకి తినేవాటి బదులు పెన్సిళ్లో పుస్తకమో పంచండి. తిండే పంచాలంటే లేబుల్ ఉన్నది, ముందురోజు చెప్పి. ఆ పెద్దమనిషి కూడా ఒప్పుకున్నారు. వాళ్లబ్బాయి చట్నీ హాయిగా తింటున్నాడు.

చిన్నూని విడిగా కూర్చోబెట్టవద్దని కూడా అడిగాం. అలర్జీ కంటే అది పిల్లల్ని ఎక్కువ నొప్పించవచ్చు. ఒకసారి ఒక పిల్లవాడు సరదాకి వాడి డబ్బాలో పల్లీగింజ వేస్తానని బెదిరించాడు. టీచర్ ఆ పిల్లవాణ్ని కొట్టలేదు. క్లాసు మొత్తానికి చిన్నూ ఒంట్లో ఏం జరుగుతుందో కథలా చెప్పారు. ఇప్పుడు ఆ పిల్లవాడే వాడికి బాడీగార్డు. "వాడికి పెట్టకండి" అని టీచర్లకే చెబుతున్నాడట.

ఇంట్లో పెద్దవాళ్లకి ఒక మాట

మా అమ్మమ్మ అంటుంది, "కొంచెం కొంచెం పెట్టండిరా, అదే అలవాటవుతుంది." ఆవిడ ప్రేమని అనుమానించను. ఆ మాటలో ఒక నిజం ముక్క కూడా ఉంది. అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పసిపిల్లలకి మొదటి ఏడాదిలోనే పల్లీ మొదలుపెడితే అలర్జీ చాలావరకు రాకుండా ఆపొచ్చని 2015లో లండన్‌లో జరిగిన 'లీప్' పరిశోధన తేల్చింది. అది రాకముందు మాట. వచ్చేశాక మిల్లీగ్రాముల లెక్కన పెంచే చికిత్స ఉంది, కానీ అది నిపుణుల పర్యవేక్షణలో, పక్కన అత్యవసర మందులతో జరుగుతుంది. వంటింట్లో, చెంచాతో కాదు. అమ్మమ్మకి ఇది అక్క కాదు, డాక్టర్ గారు చెప్పారు. అప్పుడు విన్నది.

ప్రభుత్వ బళ్లలో చదివే పిల్లల తల్లిదండ్రులు పెన్నులు తెప్పించుకోలేరు. అక్కడ దారి వేరు. హెడ్‌మాస్టర్ గారు దగ్గర్లోని పీహెచ్‌సీ డాక్టర్‌తో ఒకసారి మాట్లాడి, ఏ పిల్లలకి ఏది పడదో లిస్టు రాసి, అలాంటి పరిస్థితి వస్తే ఎక్కడికి, ఏ బండిలో, ఎన్ని నిమిషాల్లో అన్నది ముందే తేల్చుకోవచ్చు. వంట చేసే అక్కలకి ఆ లిస్టు చూపించాలి. చిక్కీ బదులు ఆ ఒక్క పిల్లకి అరటిపండు ఇవ్వడానికి చట్టం అక్కర్లేదు. మన బళ్లలో అడ్రినలిన్ ఉంచడం, సిబ్బందికి నేర్పడం మీద ప్రభుత్వాలు ఒక విధానం తెస్తే మంచిది. అది వచ్చేదాకా ఒక కాగితం, ఒక ఫోన్ నంబరు, ఒక డ్రిల్‌కి ఎవరి అనుమతీ అవసరం లేదు.

మీ ఇంట్లో ఇలాంటి పిల్లలు ఉంటే ఈ వారమే బడికి వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి. మందు ఎక్కడుంది? టీచర్ సెలవులో ఉంటే ఎవరు వేస్తారు? గ్రౌండ్‌ నుంచి అక్కడికి ఎన్ని నిమిషాలు? మీ ఇంట్లో లేకపోతే కూడా, మీ పిల్లల క్లాసులో ఎవరికైనా ఉందేమో అడిగి తెలుసుకోండి. ఈసారి నువ్వులుండల డబ్బా పంపేటప్పుడు మూత మీద ఒక కాగితం అంటించి, లోపల ఏమేం వేశారో రాయండి. ఒక్క నిమిషం పని.